పదే పదే స్పృహ తప్పే పిల్లలు: ఈఈజీ, స్కాన్ అయ్యాక ఇంకేం చూడాలి?

పీహెచ్‌సీ_డ్యూటీ అడిగిన ప్రశ్న:

10 ఏళ్ళ పాప. 14 నెలల్లో 4 సార్లు స్పృహ తప్పి పడిపోయింది. ఒకసారి బడిలో ఖోఖో ఆడుతూ, ఒకసారి పొద్దున ప్రార్థనలో నిలబడి, ఒకసారి వ్యవసాయ బావిలో ఈత కొడుతూ (పక్కనున్నవాళ్ళు వెంటనే పైకి లాగారు), చివరిసారి బస్సు కోసం పరిగెత్తి. ప్రతిసారీ నిమిషం లోపే లేచింది. రెండుసార్లు చేతులు కాళ్ళు కొట్టుకున్నాయని, ఒకసారి బట్టల్లో మూత్రం పోయిందని చెప్పారు. పట్టణంలో చూపిస్తే సీటీ స్కాన్ నార్మల్. ఈఈజీలో (మెదడు తరంగాల పరీక్ష) "స్వల్ప మార్పులు" అని రాసి ఫిట్స్ మందు సోడియం వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టారు. మాత్రలు సక్రమంగా వేసుకుంటుండగానే నాలుగోసారి పడింది. ఈసీజీ కూడా తీశారు, కాగితం మీద చేత్తో "నార్మల్" అని ఉంది. హిమోగ్లోబిన్ 11.2, మామూలప్పుడు చూసిన షుగర్ 92. పరీక్షిస్తే గుండెలో మర్మర్ (అదనపు శబ్దం) లేదు, నరాల పరంగా లోపం లేదు.

ఇంట్లోవాళ్ళు ఎంఆర్ఐ తీయించమంటారా అని అడుగుతున్నారు. నా దగ్గర ఉన్నవి ఈసీజీ మిషను, బీపీ మిషను, గ్లూకోమీటరు, మామూలు రక్తపరీక్షలు. ఎంఆర్ఐకి పంపేముందు వీటితో చేయగలిగింది ఏమైనా మిగిలిందా? ఏ వరసలో వెళ్ళాలి?

బాలవైద్యం_కర్నూలు:

ఎంఆర్ఐ ప్రస్తుతానికి పక్కన పెట్టండి సర్. మీరు రాసిన నాలుగింటిలో మూడు ఒంటికి శ్రమ కలిగిన వేళ వచ్చాయి. అందులో ఒకటి నీళ్ళలో. ఫిట్స్‌కి పరుగుతో, ఈతతో అంత పొత్తు ఉండదు. ఆటలో ఉండగా పడిపోయిన బిడ్డకు గుండె కారణం కాదని తేలేదాకా గుండె జబ్బే అనుకుని నడవాలి.

పరీక్షలకన్నా ముందు చరిత్ర మళ్ళీ తీసుకోండి. నాలుగింటినీ కలిపి "ఫిట్స్ వచ్చాయి" అని రాసుకోవద్దు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. తల్లిదండ్రులు చాలావరకు చూసి ఉండరు. చూసింది టీచరో, తోటి పిల్లలో. వాళ్ళతో ఫోన్లో మాట్లాడండి. అడగాల్సింది "ఏమైంది" అని కాదు, అలా అడిగితే "ఫిట్స్ వచ్చింది సార్" అంటారు, అంతే. పడేముందు ఆఖరి నిమిషంలో ఏం చేస్తోంది? ఆడుతూ ఉండగానే పడిందా, ఆట ఆపి నిలబడ్డాక పడిందా? ఈ ఒక్క తేడాకు విలువ ఎక్కువ. పరుగు ఆపి నిలబడ్డాక కాళ్ళలో రక్తం నిలిచిపోయి కళ్ళు తిరగడం మామూలు పిల్లల్లోనూ ఉంటుంది. పరుగు మధ్యలో కుప్పకూలడం ఉండదు. "కళ్ళు తిరుగుతున్నాయి, చెవులు గింగురుమంటున్నాయి, వికారంగా ఉంది" అని ముందు చెప్పిందా, మాట లేకుండా ఒక్కసారిగా పడిందా? గుండె దడదడలాడిందా? మొహం తెల్లగా పాలిపోయిందా, నీలంగా మారిందా? చేతులు కొట్టుకోవడం పడకముందే మొదలైందా, పడ్డాక కొన్ని సెకన్లకా? లేచాక టీచర్ని గుర్తుపట్టిందా, అరగంట అయోమయంగా ఉందా? నాలుక పక్క అంచు కొరుక్కుందా? మూత్రం పోవడం దేనిలోనైనా జరుగుతుంది, దాన్నిబట్టి తేల్చకండి.

ఇక కుటుంబం. "మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా" అంటే తాతగారి స్టెంటు గురించి చెబుతారు. అది మనకు అక్కర్లేదు. 40 ఏళ్ళలోపు ఉన్నట్టుండి పోయినవాళ్ళు ఎవరు, ఈత వచ్చి కూడా నీళ్ళలో మునిగిపోయినవాళ్ళు ఎవరు, నిద్రలో పోయిన పసిబిడ్డలు ఉన్నారా, "ఫిట్స్" మందులు వాడుతున్నవాళ్ళు ఉన్నారా, పుట్టుచెవుడు ఉందా అని విడివిడిగా అడగండి. అమ్మ వైపు, నాన్న వైపు ఇద్దరివీ. మేనరికమా అనీ అడగండి. మనవైపు ఇది మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న.

పెద్దవాళ్ళు వేసుకునే మాత్రల డబ్బా తెప్పించి చూడండి. పాప గత నెలల్లో వాడిన మందుల చీటీలు కూడా.

గుండెగీత:

పై మాటకు పూర్తిగా ఒప్పుకుంటూ, ఆ "నార్మల్" అని రాసిన ఈసీజీ దగ్గర ఆగుదాం. పిల్లల ఈసీజీలో చాలామంది చూసేది లయ, ఎస్‌టీ భాగం. క్యూటీని, అంటే ఒక బీటులో క్యూ తరంగం మొదలు నుంచి టీ తరంగం చివరిదాకా పట్టే సమయాన్ని, చేత్తో కొలిచేవాళ్ళు తక్కువ. మిషను అంకె వేసినా, టీ తరంగం చదునుగానో రెండు గూనులతోనో ఉంటే దాని కొలత తప్పుతుంది. కాబట్టి స్కేలు, పెన్సిలు తీసుకోండి.

పాపని 10 నిమిషాలు పడుకోబెట్టి, ఏడుపు, భయం తగ్గాక కొత్తగా 12 లీడ్ల ఈసీజీ తీయండి. వేగం సెకనుకు 25 మి.మీ. ఉందో లేదో చూసుకోండి. ఆ వేగంలో ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. లీడ్ 2 గానీ వీ5 గానీ ఎంచుకోండి. క్యూ మొదలైన చోటు నుంచి టీ ముగిసే చోటు వరకు గడులు లెక్కపెట్టండి. టీ ఎక్కడ ముగిసిందో తెలియకపోతే, టీ దిగే వైపు బాగా ఏటవాలుగా ఉన్న చోట ఒక గీత గీయండి, అది అడుగు గీతను తాకిన చోటే ముగింపు. వెనక వచ్చే చిన్న యూ తరంగాన్ని కలపకండి. ఆ బీటుకు ముందున్న ఆర్ నుంచి ఆర్ దూరం కూడా కొలిచి సెకన్లలోకి మార్చండి. క్యూటీని ఆ దూరపు వర్గమూలంతో భాగిస్తే వచ్చేది క్యూటీసీ, అంటే గుండె వేగానికి సరిచేసిన క్యూటీ.

ఉదాహరణకి ఆర్-ఆర్ 16 గడులు, అంటే 0.64 సెకను. వర్గమూలం 0.8. క్యూటీ 10 గడులు, అంటే 400 మిల్లీసెకన్లు. చూడటానికి 400 ఎంతో బుద్ధిగా ఉంటుంది. 0.8తో భాగిస్తే 500! "నార్మల్" అని రాసినవాళ్ళు ఆగిపోయేది ఇక్కడే.

పిల్లల్లో శ్వాసతో పాటు గుండె వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఒక్క బీటు కొలిచి వదలొద్దు. కనీసం 5 బీట్లు కొలిచి సగటు తీయండి. వేగం నిమిషానికి 100 దాటి ఉంటే ఈ సూత్రం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, నెమ్మదించాక మళ్ళీ తీయాలి. గుండె మరీ వేగంగా లేనప్పుడు కంటితో చూసే చిట్కా ఒకటి: టీ ముగింపు రెండు ఆర్‌ల మధ్య సగం దాటి పోయిందంటే అనుమానించి కొలవాలి. క్యూటీసీ 460 మిల్లీసెకన్ల పైన అనుమానం, వేర్వేరు ఈసీజీల్లో 480 పైన వస్తే దాదాపు ఖాయం, 500 దాటితే ప్రమాదం ఎక్కువ.

అదే కాగితంలో ఇంకా చూడండి: పీఆర్ పొట్టిగా ఉండి క్యూఆర్ఎస్ మొదట్లో వాలుగా ఎక్కుతోందా (వూల్ఫ్-పార్కిన్సన్-వైట్ అనే లయ జబ్బు), పీ తరంగాలకీ క్యూఆర్ఎస్‌కీ సంబంధం తెగిపోయిందా, వీ1-వీ2లో ఎస్‌టీ వంపు తిరిగి పైకి లేచి ఉందా (బ్రుగాడా అనే లయ జబ్బు, జ్వరంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది), ఎడమ జఠరిక పెరిగినట్టు పెద్ద తరంగాలు, లోతైన క్యూలు, తిరగబడిన టీలు ఉన్నాయా. ఆఖరివి ఉంటే గుండె కండరం మందమైన జబ్బు. దాని మర్మర్ పడుకున్నప్పుడు వినపడకపోవచ్చు, నిలబెట్టి మళ్ళీ వినండి, పెరుగుతుంది.

ఇవన్నీ బాగున్నా ఊపిరి పీల్చుకోవద్దు. సీపీవీటీ అని ఒక జబ్బుంది. అందులో విశ్రాంతిగా తీసిన ఈసీజీ, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) రెండూ శుభ్రంగా ఉంటాయి. పరిగెత్తినా, భయపడినా జఠరికల లయ చెడి పడిపోతారు. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తేనే బయటపడుతుంది: గుండె వేగం 110-130 దాటగానే అదనపు బీట్లు మొదలై, వేగం పెరిగేకొద్దీ జంటలై, ఒకటి పైకి ఒకటి కిందికి తిరిగే లయగా మారతాయి. శ్రమలో పడిపోయిన బిడ్డకు ఈసీజీ, ఎకో చేసి "గుండె బాగుంది" అని పంపేయడం వల్లే ఇది తప్పిపోతుంది. ఈ ట్రెడ్‌మిల్ మాత్రం డీఫిబ్రిలేటర్ పక్కన పెట్టుకుని కార్డియాలజీ విభాగంలోనే చేయాలి. "మైదానంలో ఓసారి పరిగెత్తించి చూద్దాం" అనుకోవద్దు, దయచేసి.

పిల్లల_న్యూరో:

ఈఈజీ గురించి నాలుగు మాటలు. "స్వల్ప మార్పులు" అన్న రిపోర్టు మీద మూర్ఛ అని ముద్ర వేయకూడదు. ఏనాడూ ఫిట్స్ రాని ఆరోగ్యవంతమైన పిల్లల్లోనూ నూటికి ఇద్దరి నుంచి నలుగురికి ఈఈజీలో మూర్ఛ తరహా తరంగాలు కనిపిస్తాయి. మరోపక్క నిజంగా మూర్ఛ ఉన్నవాళ్ళలో సగం మందికి మొదటి ఈఈజీ మామూలుగానే వస్తుంది. అంటే ఆ కాగితం అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు. చూసినవాళ్ళు చెప్పిన కథ మూర్ఛలా ఉంటేనే ఈఈజీకి విలువ.

చేతులు కాళ్ళు కొట్టుకోవడం అందరినీ పక్కదారి పట్టిస్తుంది. మెదడుకు కొన్ని సెకన్లు రక్తం అందకపోతే ఎవరి చేతులైనా కొట్టుకుంటాయి. 1994లో జర్మనీలో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల చేత కావాలని స్పృహ తప్పేలా చేయించి వీడియో తీశారు. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 38 మందికి కుదుపులు వచ్చాయి. లెక్కపెట్టడం ఉపయోగం: కుదుపులు పదిలోపు, ఒక పద్ధతి లేకుండా ఉంటే సాధారణంగా రక్తం అందక వచ్చినవి. ఇరవై దాటి, లయగా, రెండువైపులా ఒకేసారి వస్తుంటే మూర్ఛ. కుదుపుల సంఖ్య చూసినవాళ్ళు చెప్పలేకపోతే చేత్తో చేసి చూపించమనండి, మాటల్లో చెప్పలేనిది చేసి చూపిస్తారు. మళ్ళీ వస్తే ఒకరు పాప దగ్గర ఉండాలి, ఇంకొకరు ఫోన్లో వీడియో తీయాలి. మొహం, కళ్ళు, చేతులు కాళ్ళు అన్నీ ఫ్రేములో పడేలా. మొహం ఒక్కటే దగ్గరగా తీసిన వీడియోతో పని జరగదు.

కళ్ళు చూడమనండి. గుండె వల్లనైనా మూర్ఛ వల్లనైనా స్పృహ తప్పినప్పుడు కళ్ళు తెరిచే ఉంటాయి. కళ్ళు బిగించి మూసుకుని, పది పదిహేను నిమిషాలు అలాగే పడి ఉండి, రంగు, నాడి మామూలుగా ఉంటే మానసిక ఒత్తిడి నుంచి వచ్చేవి. అవి నటన కావు. "నాటకాలాడుతోంది" అని ఇంట్లో తిట్టడం మొదలైతే ఇంకా పెరుగుతాయి. బడిలో, ఇంట్లో ఏం జరుగుతోందో పాపతో ఒంటరిగా మాట్లాడి తెలుసుకోవాలి. మీ పాప తీరు ఇది కాదు. అయినా ఈ చర్చ చదివే ఇంకొకరికి పనికొస్తుందని రాశాను.

ఆబ్సెన్స్ మూర్ఛలో పిల్లలు పడిపోరు, కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తుంటారు. 3 నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటే మీ గదిలోనే బయటపడుతుంది. దానికీ ఈ పాపకీ పోలిక లేదు.

తలస్నానంలోనే స్పృహ తప్పే పిల్లలు వస్తే వేడినీళ్ళ మూర్ఛ గుర్తుపెట్టుకోండి. దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో బాగా చూశారు, మనవైపూ కనిపిస్తుంది. బాగా వేడినీళ్ళు చెంబులతో గబగబా నెత్తిన పోస్తుంటే బిడ్డ శూన్యంగా చూడటం, పొంతన లేకుండా మాట్లాడటం, తర్వాత స్పృహ తప్పడం. ఒంటి మీద పోసుకుంటే రాదు, తల మీద పోస్తేనే వస్తుంది. గోరువెచ్చని నీళ్ళకు మారితే చాలామందికి తగ్గిపోతుంది. తగ్గనివాళ్ళకు స్నానానికి గంటన్నర ముందు క్లోబజామ్ ఇస్తారు.

ల్యాబ్_రాత్రిడ్యూటీ:

బాత్రూమ్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. గ్యాస్ గీజర్ లోపలే బిగించి, కిటికీ మూసిన చిన్న బాత్రూముల్లో పిల్లలు, పెద్దలు పదే పదే పడిపోతుంటారు. కార్బన్ మోనాక్సైడ్ విషం అది. తలుపు తీసి బయటికి తేగానే తేరుకుంటారు, దాంతో ఫిట్స్ అనుకుంటారు. వేలికి పెట్టే ఆక్సిమీటరు 98, 99 చూపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదువుతుంది, నమ్మొద్దు. కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్) కొలిచే బ్లడ్‌గ్యాస్ మిషనుకు వెంటనే రక్తం పంపాలి. మామూలు గాలిలో 4-5 గంటల్లో, ఆక్సిజన్ పెడితే గంట గంటన్నరలో ఆ శాతం సగానికి పడిపోతుంది. సాయంత్రం తీసిన రక్తంతో పొద్దున జరిగింది తేలదు.

షుగర్ విషయం. మామూలుగా ఉన్నప్పుడు చూసిన 92తో ఏమీ తెలియదు. పడిపోయిన క్షణంలో చూడాలి. ఐతే షుగర్ తగ్గి పడిపోయిన బిడ్డ తీపి ఇవ్వకుండా అరనిమిషంలో లేచి ఆడుకోదు. చెమట, వణుకు, మత్తు నెమ్మదిగా వస్తాయి, తీపి ఇచ్చాకే పోతాయి. పొద్దున్నే ఏమీ తినకముందు, రాత్రి తినకుండా పడుకున్నాక, వాంతులు విరేచనాల్లో వస్తుంటే మాత్రం ఆ దారి వెతకండి. అలాంటి వేళ గ్లూకోమీటరులో 50 కన్నా తక్కువ వస్తే గ్లూకోజ్ ఎక్కించేముందే రక్తం తీసి పెట్టుకోండి: ల్యాబ్ గ్లూకోజ్, ఇన్సులిన్, సీ-పెప్టైడ్, కార్టిసాల్, గ్రోత్ హార్మోన్, బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, లాక్టేట్, అమ్మోనియా. తర్వాత వచ్చే మొదటి మూత్రం కీటోన్లకు. రక్తం తీయడం ఆలస్యమయ్యేలా ఉంటే గ్లూకోజ్ ఆపొద్దు. గ్లూకోజ్ ఇచ్చేశాక ఈ నమూనాలకు విలువ పోతుంది, మళ్ళీ షుగర్ పడిపోయేదాకా ఆగాల్సిందే. నానమ్మ షుగర్ మాత్రలు బిడ్డ మింగడం కూడా అరుదేం కాదు. అప్పుడు ఇన్సులిన్, సీ-పెప్టైడ్ రెండూ ఎక్కువగా వస్తాయి.

పీహెచ్‌సీ_డ్యూటీ:

అందరికీ కృతజ్ఞతలు. మళ్ళీ పిలిపించి అడిగాను. ఖోఖోలో, బస్సు దగ్గర రెండుసార్లూ పరుగు మధ్యలోనే, ముందు ఏమీ చెప్పకుండా పడింది. కుదుపులు ఐదారు, పడ్డాక మొదలయ్యాయి. మొహం తెల్లబడింది, లేచిన వెంటనే మాట్లాడింది. ప్రార్థనలో పడింది మాత్రం వేరు: ముందు కళ్ళు తిరుగుతున్నాయని పక్కమ్మాయితో చెప్పింది, ఆ రోజు టిఫిన్ తినలేదు. తల్లిదండ్రులది మేనరికం. తండ్రి చెల్లెలు 16 ఏళ్ళప్పుడు చెరువులో మునిగి చనిపోయిందట, ఈత బాగా వచ్చినా. ఇది ముందు ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. పుట్టుచెవుడు ఎవరికీ లేదు.

పాత ఈసీజీ, లీడ్ 2: ఆర్-ఆర్ 18 గడులు, క్యూటీ 11. ఈరోజు తీసింది: ఆర్-ఆర్ 20, క్యూటీ 11. ఐదేసి బీట్ల సగటు. లెక్కవేస్తే 519, 492 వచ్చాయి. సరిగ్గా కొలిచానా? ప్రార్థనలో పడటం దీంట్లో ఎలా ఇముడుతుంది?

గుండెగీత:

లెక్క సరే. 0.72 వర్గమూలం 0.849, 440ని భాగిస్తే 518-519. రెండోది 0.8కి 0.894, 492. రెండు వేర్వేరు రోజుల్లో 480 దాటింది, శ్రమలో స్పృహ తప్పడం ఉంది. ఈ జబ్బుకు మార్కులు వేసే ష్వార్ట్జ్ స్కోరులో మొదటిదానికి 3, రెండోదానికి 2, మొత్తం 5. 3.5 చాలు లాంగ్ క్యూటీ సిండ్రోమ్ (క్యూటీ సాగి గుండె లయ చెడే పుట్టుజబ్బు) అనుకోవడానికి. ఈతలో, పరుగులో రావడం దాని మొదటి రకం తీరు. రెండో రకంలో అలారం, ఫోన్ గంట, టపాకాయ లాంటి ఉలికిపాటు శబ్దాలకు వస్తుంది. మూడో రకంలో నిద్రలో, విశ్రాంతిలో.

అయితే ఈ స్కోరు చెల్లాలంటే క్యూటీని సాగదీసే బయటి కారణాలు లేవని తేల్చాలి. ఈరోజే పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం పంపండి. కాల్షియం తగ్గితే క్యూటీ సాగుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి, రెండు జబ్బుల వేషమూ అదే కడుతుంది. ఈసీజీ తీసిన రోజుల్లో పాప ఏ మందులు వాడిందో చూడండి: అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్, ఫ్లూకొనజోల్, ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, క్లోరోక్విన్, హైడ్రాక్సీజిన్. వీటిలో సగం మన మెడికల్ షాపుల్లో జలుబుకీ వాంతికీ చీటీ లేకుండా దొరికేవే. ఇవన్నీ ఇకమీదట పాపకు వద్దని చికిత్స పుస్తకం అట్ట మీద ఎర్ర సిరాతో రాయండి. వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఉంచుకోకుండా తీసుకురమ్మనండి, పొటాషియం పడిపోతే ప్రమాదం.

ప్రార్థనలో పడింది మామూలు వేసోవేగల్ (బీపీ, నాడి కాసేపు పడిపోయి స్పృహ తప్పడం) కావచ్చు. తినకుండా, ఎండలో, కదలకుండా నిలబడితే ఆ వయసులో ఎవరైనా పడతారు. ప్రమాదం లేని కారణం ఒకటి దొరికింది కదా అని మిగతా మూడింటికీ దాన్నే అతికించకూడదు. ఒకే బిడ్డకు రెండూ ఉండొచ్చు.

ఇప్పుడు పంపాల్సింది ఎంఆర్ఐకి కాదు, పిల్లల కార్డియాలజీకి. ఇవాళో రేపో, వారం తర్వాత కాదు. రెండు ఈసీజీలూ, మీరు కొలిచిన గీతలతో సహా, జెరాక్స్ కాదు అసలు కాగితాలే పంపండి. థర్మల్ కాగితం వెలిసిపోతుంది కాబట్టి ఫోటో తీసి పెట్టుకోండి. తిరుపతిలో శ్రీ పద్మావతి హృదయాలయం, హైదరాబాద్‌లో నిమ్స్ ఉన్నాయి, మీకు ఏది దగ్గరైతే అది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ద్వారా రిఫర్ చేస్తే కాగితాల పని కొంత తగ్గుతుంది.

అక్కడ బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని అదుపు చేసే మందు) మొదలుపెడతారు. నాడొలాల్ మంచిది గానీ మన దగ్గర దొరకడం కష్టం, ప్రొప్రనొలాల్ రోజుకు కిలోకు 2-4 మి.గ్రా., మూడు పూటలుగా. ఉబ్బసం ఉందేమో ముందే చెప్పి పంపండి. జ్వరమో వాంతులో వచ్చి ఏమీ తినకుండా ఉన్న రోజు ఈ మాత్రతో షుగర్ తగ్గొచ్చు, అప్పుడు డాక్టరుకు ఫోన్ చేయాలే తప్ప వాళ్ళంతట వాళ్ళు మానేయకూడదు. ఈ జబ్బులో మాత్ర మానేసిన రోజులే ప్రమాదకరమైనవి. "ఏడాదిగా పడలేదు, తగ్గిపోయింది" అని ఆపేస్తారు. మందు పనిచేస్తోంది కాబట్టే పడలేదని మొదటిరోజే చెప్పాలి.

అప్పటిదాకా ఈత లేదు, పరుగు పందేలు లేవు, స్నానానికి వెళ్ళినప్పుడు తలుపుకు గడియ పెట్టకూడదు. అమ్మా నాన్నకీ తోబుట్టువులకీ ఈసీజీ తీసి ఇదే పద్ధతిలో కొలవండి, ముఖ్యంగా నాన్నకు. ఈ జబ్బు సాధారణంగా ఒక్కరి నుంచే వస్తుంది, మేనరికం అక్కర్లేదు. మేనరికంలో ఇద్దరి నుంచీ వచ్చినప్పుడు పుట్టుచెవుడుతో కలిసిన తీవ్రమైన రకం వస్తుంది. అందుకే వినపడని బిడ్డ ఒక్కసారి స్పృహ తప్పినా ఈసీజీ తీయకుండా వదలకూడదు. జన్యు పరీక్ష చేయించొచ్చు, కానీ నూటికి ఇరవై మందికి పైగా ఏమీ దొరకదు. దొరకనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు.

పిల్లల_న్యూరో:

వాల్‌ప్రోయేట్ మీరు ఈరోజే ఆపేయకండి. గుండె మందు కుదురుకున్నాక, చరిత్ర ఇంకోసారి చూసి నెమ్మదిగా తగ్గిస్తాం. చీటీ మీద "మూర్ఛ" అన్న మాట కొట్టేసి "స్పృహ తప్పడం, లాంగ్ క్యూటీ అనుమానం" అని రాసి పంపితే చాలు. లేకపోతే తర్వాత చూసే ప్రతి డాక్టరూ ఆ మాటే పట్టుకుంటారు.

బాలవైద్యం_కర్నూలు:

ఈసీజీ మామూలుగా వచ్చి, నిలబడ్డప్పుడే పడే పిల్లలకు చేసే పరీక్ష కూడా ఇక్కడ రాసి పెడతాను. 10 నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి చూడండి. లేచి కదలకుండా నిలబడమని వెంటనే, తర్వాత 1, 3, 5, 10 నిమిషాలకు మళ్ళీ చూడండి. గోడకు ఆనుకోనివ్వొద్దు. పక్కన ఒకరు పట్టుకోడానికి సిద్ధంగా ఉండాలి. 3 నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడితే నీళ్ళు చాలకపోవడం, రక్తం తగ్గడం, మందులు వెతకండి. పెద్దపిల్లల్లో నెలసరి ఎక్కువగా పోతోందా అడగండి. 12 దాటిన పిల్లల్లో బీపీ పడకుండా నాడి 40 పెరిగి, నెలల తరబడి నిలబడితే నీరసం, దడ ఉంటే అది పాట్స్. బీపీ పట్టీ పిల్లలదే వాడాలి, పెద్దల పట్టీ కడితే బీపీ తక్కువ చూపిస్తుంది.

అమ్మ జడ వేస్తుంటే నిలబడి కూలిపోయే ఆడపిల్లలు ఉంటారు. అదీ వేసోవేగలే. కూర్చోబెట్టి జడ వేయడమే వైద్యం. బడికి బయల్దేరే ముందు రెండు గ్లాసుల నీళ్ళు, టిఫిన్ తప్పనిసరి. ప్రార్థనలో కళ్ళు తిరిగినట్టనిపిస్తే కాళ్ళు ఒకదానిమీద ఒకటి మెలివేసి బిగించడం, పిడికిళ్ళు బిగించడం నేర్పాలి. తగ్గకపోతే సిగ్గుపడకుండా కింద కూర్చోమని పాపకీ, కూర్చోనివ్వమని టీచర్‌కీ చెప్పాలి. పడిపోయినవాళ్ళను లేపి కుర్చీలో కూర్చోబెట్టడం మన అలవాటు. తల పైకి ఉంటే మెదడుకు రక్తం ఇంకా ఆలస్యంగా అందుతుంది, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకోవాలి.

బుజ్జితల్లి_అమ్మ:

డాక్టర్లు మాట్లాడుకునేచోట అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మా బాబుకి ఏడాదిన్నర. బొమ్మ లాక్కుంటే గుక్క పట్టి ఏడుస్తాడు, ఊపిరి ఆగి పెదాలు నీలమై తల వాల్చేస్తాడు. అర నిమిషంలో మళ్ళీ మామూలే. వారానికి రెండు మూడుసార్లు. అత్తయ్యగారు చేతిలో తాళాలగుత్తి పెట్టి మొహాన నీళ్ళు కొడతారు. పైవన్నీ చదివాక భయమేస్తోంది. వీడికీ ఈసీజీ తీయించాలా?

బాలవైద్యం_కర్నూలు:

తీయించండి అమ్మా, ఒక్కసారి చాలు. మీరు చెప్పినదాన్నిబట్టి ఇది గుక్క పట్టడమే అనిపిస్తోంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ మధ్య వస్తుంది, మూర్ఛ కాదు, మెదడుకు హాని ఉండదు. ఏడుపు ముందు, పడటం తర్వాత, ప్రతిసారీ ఆ వరసే ఉంటోందా గమనించండి. ఏడవకుండా, నిద్రలో, ఆటలో ఉన్నట్టుండి పడితే ఆగకుండా తీసుకెళ్ళాలి. చిన్న దెబ్బకో భయానికో కిక్కురుమనకుండా తెల్లగా పాలిపోయి పడిపోయే రకం కూడా ఉంది. వాళ్ళకు ఈసీజీ ఇంకా ముఖ్యం.

ఈసీజీతో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. ఇనుము తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఇనుము ఇస్తే చాలామందికి బాగా తగ్గుతుంది. డాక్టరు కిలో బరువుకు రోజుకు 3 నుంచి 6 మి.గ్రా. లెక్కన ఇస్తారు. ఆ లెక్క మందులో ఉన్న అసలు ఇనుముకు, సీసా మీద పెద్దగా రాసిన లవణం బరువుకు కాదు. కాబట్టి చుక్కలు ఎన్నో డాక్టరు చేత రాయించుకోండి. పాలతో కలిపి పట్టొద్దు. రోజుకు అరలీటరు దాటి పాలు తాగుతుంటే తగ్గించండి, ఇనుము తగ్గడానికి చాలా ఇళ్ళలో కారణం అదే. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకండి. హిమోగ్లోబిన్ సరైపోయాక కూడా రెండు మూడు నెలలు కొనసాగిస్తారు.

పడినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో వేలు, చెంచా పెట్టొద్దు, ఊపొద్దు. తాళాలగుత్తి వల్ల వచ్చిన నష్టం లేదు, నీళ్ళు మాత్రం మొహాన కొట్టొద్దని అత్తయ్యగారికి చెప్పండి, ఊపిరి తీసుకునే వేళకు ముక్కులోకి పోతాయి. నిమిషం దాటినా ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయండి.